ఆగస్టు 18: ఒక్క గడిలో ఆకాశం, ప్రభుత్వం

గుంటూరులో ఒక ఆగస్టు 18 సాయంత్రం, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.

పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మిత్రులకు నమస్కారం. వర్షం వచ్చేలా ఉంది, త్వరగా ముగిస్తానని నిర్వాహకులకు మాటిచ్చాను. మాట నిలబెట్టుకుంటానో లేదో చూద్దాం.

మా వంటింటి తలుపు పక్కన ఒక గోడ క్యాలెండరు ఉంది. మీ ఇళ్ళలోనూ ఉంటుంది. నెలకో కాగితం, రోజుకో గడి. గడి మధ్యలో పెద్ద అంకె, దాని చుట్టూ చీమల్లా తిథి, నక్షత్రం, వర్జ్యం. మిగిలిన కాస్త చోటులో మా ఆవిడ పాల లెక్క రాస్తుంది. గ్యాసు బండ మార్చిన రోజున అంకె చుట్టూ సున్నా చుడుతుంది. ఇవాళ్టి గడిలో అర లీటరు అని రాసి ఉంది, పొద్దున చూసే వచ్చాను. అర లీటరు పాలున్న ఈ గడిలోనే ఒక సూర్యగ్రహణం ఉంది. ఒక రాజు ప్రాణం మీదికి వచ్చిన ప్రయాణం ఉంది. అంగారకుడి చందమామ ఉంది. ఒక దేశంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చిన రోజు ఉంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఒకే తేదీన జరిగాయి కాబట్టి వీటి మధ్య ఏదో దైవరహస్యం ఉందని నేను చెప్పబోవడం లేదు. ఏడాదికి ఉన్నవి 365 గడులు, చరిత్రలో సంఘటనలు లక్షలు. ఏదో ఒక గడిలో అవి గుద్దుకోక తప్పదు. మరి ఇంత దూరం ఎందుకు వచ్చారు మాస్టారూ, అంటారా? తేదీని పక్కన పెట్టి ఆ గడిలోని మనుషుల వెంట పడ్డాను. తేదీతో పని లేకుండా వాళ్ళు వేరే సందుల్లోంచి వచ్చి ఒకరికొకరు తగులుతున్నారు. అది చెప్పడానికి వచ్చాను.

మన ఊరితో మొదలుపెడదాం. 1868, ఆగస్టు 18, మంగళవారం. మన లెక్కలో విభవ నామ సంవత్సరం, శ్రావణ అమావాస్య. అమ్మలూ, శ్రావణ అమావాస్య అంటే ఏమిటి? పోలాల అమావాస్య. కంద మొక్కకు పూజ చేసే రోజు. ఆ రోజు పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో గుంటూరులో చీకటి పడింది. ఒక నిమిషం కాదు, అయిదు నిమిషాలకు పైగా. ఏడెన్ దగ్గర మొదలైన ఆ నీడ అరేబియా సముద్రం దాటి, దక్కను మీదుగా వచ్చి, గుంటూరు, మచిలీపట్నం తాకి, బంగాళాఖాతంలోకి దిగింది.

ఆ నీడ కోసం ఎవరెవరు వచ్చారో చూడండి. ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ అనే ఖగోళవేత్త వచ్చి గుంటూరులోనే ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద దుర్భిణి బిగించుకున్నాడు. బ్రిటిషు సైన్యానికి చెందిన మేజర్ టెనాంట్ తన బృందంతో ఇదే ఊళ్ళో దిగాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తి వెళ్ళాడు. ఈ చివరి పేరు పిల్లలు రాసుకోండి. పాగ్సన్ పేరు పుస్తకాల్లో దొరుకుతుంది, రఘునాథాచారి పేరు వెతుక్కోవాలి. అంతకు ముందు ఏడాదే, 1867లో, కాంతి మారే ఒక నక్షత్రాన్ని పట్టుకున్నవాడు ఆయన.

సరే, వీళ్ళంతా ఏం చూడాలని వచ్చారు? సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి నాలుకల్లాంటివి కనిపిస్తాయి. అవి ఏమిటి? మబ్బులా, మంటలా, కొండలా? అప్పటికి ఎవరికీ తెలియదు. వాటి వెలుగును పట్టకం గుండా పంపి, విడదీసి చూస్తే తెలుస్తుందని వర్ణపటదర్శిని పట్టుకొచ్చారు.

ఇది మీ వంటింట్లోనే చూడవచ్చు. పప్పు పొంగి గ్యాసు మంట మీద పడితే నీలం మంట ఏ రంగుకు తిరుగుతుంది? పసుపు. ఎందుకు? ఉప్పు. ఉప్పులో ఉన్న సోడియం ఆ రంగునే ఇస్తుంది, వేరే రంగు ఇవ్వమన్నా ఇవ్వదు. ప్రతి మూలకానికీ దానివైన రంగు గీతలుంటాయి. మేడ మీద జాన్సెన్ చూసింది ఇలాంటి గీతలనే. మెరిసే గీతలు కనబడ్డాయంటే ఆ ఎర్ర నాలుకలు వేడెక్కిన వాయువు, ఎక్కువగా హైడ్రోజన్. ఒక ప్రశ్న తీరింది. వాటిలో ఒక పసుపు గీత కూడా ఉంది. అందరూ సోడియమే అనుకున్నారు. మచిలీపట్నంలో పాగ్సన్ మాత్రం, సోడియం గీత పక్కనే ఉంది కానీ సరిగ్గా దాని మీద లేదే అని గమనించాడు.

గుంటూరులో హీలియం కనిపెట్టారని మనం గొప్పగా చెప్పుకుంటాం. నేనూ ముప్పై ఏళ్ళు క్లాసులో అలాగే చెప్పాను. ఇప్పుడు దిద్దుకుంటున్నాను. జాన్సెన్ ఇక్కడ కొత్త మూలకం దొరికిందని అనలేదు. ఆ పసుపు గీత సోడియానిది కాదు, భూమ్మీద మనకు తెలిసిన దేనిదీ కాదు అన్నది తర్వాత నార్మన్ లాకియర్. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అన్న మాట అలా వచ్చింది. భూమ్మీద అది రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త చేతికి చిక్కింది 1895లో.

మరి గుంటూరు గొప్పతనం పోయిందా? పోలేదు. నన్నడిగితే ఇక్కడ జరిగింది అంతకంటే పెద్దది. చీకట్లో ఆ గీతలు ఎంత గట్టిగా మెరిశాయంటే, జాన్సెన్‌కు అక్కడికక్కడే ఒక ఆలోచన తట్టింది. వీటిని చూడటానికి గ్రహణం ఎందుకు? మామూలు రోజున ఆకాశపు వెలుగు అడ్డు వస్తుంది, అంతే కదా?

మన మిర్చి సంగతే తీసుకోండి. కాయలు గుట్టగా పోసి ఉంటే అందులో ఒక్క తాలు కాయ కనబడుతుందా? కనబడదు. కల్లంలో పలచగా పరిచి ఆరబోస్తే? దూరం నుంచే కనబడుతుంది. పట్టకం చేసే పని అదే. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి పట్టకం దాన్ని పరిచి పలచన చేస్తుంది. సూర్యజ్వాల వెలుగు ఒకటి రెండు రంగులదే, పరిచినా పలచబడదు. ఆ మధ్యాహ్నమే చూద్దామనుకున్నాడు, మబ్బు పట్టింది. మర్నాడు పొద్దున, 19న, గ్రహణం లేని మామూలు సూర్యుడి అంచున ఆ జ్వాలల్ని చూశాడు. నిన్నటిదాకా నిమిషాల లెక్కన, దేశాలు పట్టుకు తిరిగి చూడవలసిన దాన్ని మేడ మీద కూర్చుని పదిహేడు రోజులు చూశాడు. గుంటూరు మేడ మీద!

ఇక్కడ ప్రభుత్వం వస్తుంది. జాన్సెన్ ఉత్తరం ఓడలెక్కి పారిస్ చేరేసరికి అక్టోబరు నెలాఖరు. ఈలోగా అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్, గ్రహణానికి ఎక్కడికీ వెళ్ళకుండానే, అదే ఉపాయంతో అదే చూశాడు. ఈ లాకియర్ ఎవరో తెలుసా? యుద్ధ మంత్రిత్వశాఖలో గుమాస్తా. పగలు ఫైళ్ళు, మిగిలిన వేళల్లో సూర్యుడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ విజ్ఞాన అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు. ఎవరు ముందు అన్న తగాదా లేకుండా ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన వేసి ఒక పతకం కొట్టించింది. ప్రభుత్వాలు ఎప్పుడో ఒకసారి ఇలాంటి మంచి పని కూడా చేస్తుంటాయి.

ఇప్పుడు నీడ వెంట పోదాం. మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి దిగిన ఆ నీడ ఆవలి ఒడ్డున ఎక్కడ తేలింది? సయాం. ఇప్పటి థాయిలాండు. అక్కడ వాకో అనే చోట, సముద్రపు ఒడ్డున అడవి నరికించి, విడిది కట్టించి, రాజే స్వయంగా కూర్చుని ఉన్నాడు. ఆ రాజు పేరు మోంగ్‌కుట్. సింహాసనం ఎక్కకముందు ఇరవై ఏడేళ్ళు బౌద్ధ భిక్షువుగా ఉన్నాడు. లాటిను, ఇంగ్లీషు నేర్చాడు, ఖగోళ గణితం నేర్చాడు. ఈ గ్రహణం ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు పడుతుందో తానే లెక్క కట్టాడు.

వాళ్ళకూ రాహువే. మన రాహువే అక్కడా సూర్యుణ్ణి మింగుతాడు, పేరు కూడా మారలేదు. ఆస్థాన జ్యోతిష్కులకు రాజుగారి లెక్క మీద పెద్దగా నమ్మకం లేదు. అప్పుడు ఆయన ఏం చేశాడు? ఫ్రెంచి శాస్త్రజ్ఞులను పిలిచాడు. సింగపూరు నుంచి బ్రిటిషు గవర్నరు హారీ ఆర్డ్‌ను పిలిచాడు. ఒక పక్క బ్రిటన్, ఇంకో పక్క ఫ్రాన్సు చుట్టుపక్కల రాజ్యాలను మింగుతున్న కాలం అది. సయాం రాజు లెక్క తెలిసినవాడు, ఎవరూ వచ్చి ఉద్ధరించనక్కరలేదు అని ఆ ఇద్దరికీ కళ్ళారా చూపించాలి. అది రాజనీతి కాదా? నాకైతే రాజనీతే. లెక్క తప్పి ఉంటే పరువు ఏమయ్యేది? ఆ రోజు చెప్పిన చోట, చెప్పిన వేళకు చీకటి పడింది.

అయితే అది దోమల అడవి. రాజుకు మలేరియా పట్టుకుంది. గ్రహణం చూసి ఆరు వారాల్లో, అక్టోబరు 1న చనిపోయాడు. వెంట తీసుకెళ్ళిన కొడుకు చులలాంగ్‌కర్న్‌కూ జ్వరం వచ్చింది, అతను బతికాడు. పదిహేనేళ్ళ వయసులోనే రాజయ్యాడు. తర్వాత ఆ దేశంలో బానిసత్వాన్ని అంచెలంచెలుగా తీసేసింది ఆ కుర్రవాడే. థాయిలాండులో ఆగస్టు 18 ఇప్పటికీ జాతీయ విజ్ఞాన దినం. మనకు ఇక్కడ అదే నీడ పడింది, మనం ఏం చేస్తున్నాం? ఏదో, ఇలా ఒక సాయంత్రం నాలాంటివాణ్ణి పిలుస్తున్నాం.

ఈ మోంగ్‌కుట్ 1861లో అమెరికా అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాశాడు. మీ దేశంలో ఏనుగులు లేవట, పంపిస్తాను, అడవుల్లో వదలండి, పెరుగుతాయి అని. ఉత్తరం చేరేసరికి అక్కడ అధ్యక్షుడు మారాడు. జవాబు రాసింది లింకన్. మా దేశపు వాతావరణం ఏనుగులకు సరిపడదు, పైగా మాకు ఆవిరి యంత్రాలున్నాయి అని ఎంతో మర్యాదగా వద్దన్నాడు. అప్పటికి ఆయన నెత్తిన అంతర్యుద్ధం ఉంది. ఆ తొక్కిసలాటలో కూర్చుని ఏనుగుల మీద ఉత్తరం రాసిన మనిషి!

ఆ లింకన్ 1863లో ఒక రాత్రి వాషింగ్టన్‌లోని నౌకాదళ వేధశాలకు వెళ్ళాడు. తర్వాత మరో రాత్రి ఒక్కడే వచ్చాడని చెప్పుకుంటారు. నేల తలుపు ఎత్తుకుని పైకి వచ్చి, దుర్భిణి దగ్గర కూర్చున్న యువకుణ్ణి అడిగాడట: దుర్భిణిలో చంద్రుడు తలకిందులుగా ఉన్నాడేమిటి? చూడండి, యుద్ధం నడిపే అధ్యక్షుడికి రాత్రి పూట నిద్ర పట్టనివ్వని సందేహం. జవాబు చెప్పిన యువకుడి పేరు ఏసఫ్ హాల్. మనం ఎక్కడికి రావాలో అక్కడికి వచ్చేశాం.

హాల్ మొదట వడ్రంగి. చదువుకోవాలన్న కోరికతో ఇరవై దాటాక న్యూయార్కు రాష్ట్రంలో ఒక కాలేజీలో చేరాడు. అక్కడ లెక్కలు చెప్పింది ఏంజలీన్ స్టిక్నీ, ఆయన కంటే ఏడాది చిన్న. పంతులమ్మ చేయలేని లెక్క ఇవ్వాలని కుర్రాళ్ళు కట్టగట్టుకుని కఠినమైనవి ఏరుకొచ్చేవారు. ఒక్కటీ ఆమెను ఆపలేదు. చివరికి హాల్ ఆవిడను పెళ్ళి చేసుకున్నాడు. బానిసత్వం పోవాలని, ఆడవాళ్ళకు ఓటు రావాలని మాట్లాడిన మనిషి ఆమె. భర్త వేధశాలలో కింది మెట్టులో ఉండిపోతే, ఆయనకు చెప్పకుండా అధిపతికి ఉత్తరం రాసి ఆచార్య పదవి వచ్చేలా చేసింది.

1877 ఆగస్టు. అంగారకుడు భూమికి బాగా దగ్గరికి వచ్చాడు. హాల్ చేతిలో ఇరవై ఆరు అంగుళాల దుర్భిణి ఉంది, కటకాలతో పనిచేసే దుర్భిణుల్లో అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. అంగారకుడికి చందమామలు లేవని పుస్తకాలన్నీ రాసేశాయి. రాత్రుల తరబడి చూశాడు. ఏమీ లేదు. గ్రహం కాంతికే కళ్ళు జిగేల్‌మంటున్నాయి. ఇక చాలనుకున్నాడు. ఇంటికి వస్తే ఏంజలీన్ ఊరుకుంటుందా? ఇంకో రాత్రి చూడు అంది. భార్య ప్రోత్సాహమే లేకపోతే వెతకడం మానేసేవాణ్ణేమోనని హాలే తర్వాత రాశాడు.

11వ తేదీ రాత్రి ఒక చుక్క కనబడింది, అంతలోనే పటోమాక్ నది మీద నుంచి పొగమంచు కమ్మేసింది. మళ్ళీ దొరికింది 16న. అది డీమోస్. అది మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని కాచుకుని ఉండగా, 17 రాత్రి గడిచి 18 తెల్లవారుజామున, గ్రహానికి మరీ దగ్గరగా ఇంకొకటి. అది ఫోబోస్. భయం, కలవరం అని అర్థం వచ్చే గ్రీకు పేర్లు. పాశ్చాత్యులు అంగారకుడికి పెట్టింది యుద్ధదేవుడి పేరు, ఈ రెండూ ఆ దేవుడి వెంట నడిచేవి.

ముందు వరుసలో ఒక అబ్బాయి సైగ చేస్తున్నాడు. నాకు తెలుసు, నీ పుస్తకంలో 17 అని ఉంది. ఉంటుంది. అప్పట్లో ఖగోళవేత్తలకు రోజు మధ్యాహ్నం పన్నెండుకు మొదలయ్యేది. రాత్రంతా పని చేసేవాళ్ళకు నడిరాత్రి తేదీ మారితే చికాకు కదా! అందుకని తెల్లవారుజామున చూసింది కూడా వాళ్ళ పుస్తకంలో ముందు రోజు లెక్కే. 1884లో ప్రభుత్వాలన్నీ వాషింగ్టన్‌లో కూర్చుని, అయ్యా, మీ రోజునూ అర్ధరాత్రికి మార్చండి అని కోరాయి. వీళ్ళు మార్చింది 1925 జనవరి 1న! నలభై ఏళ్ళు! ఏ తేదీ ఏ గడిలో పడాలన్నది కూడా ఒక ఒప్పందమే. నేనీవేళ ఇక్కడ 18 అంటున్నది ప్రభుత్వాల లెక్క.

ఫోబోస్ హాల్‌ను బాగా ఆడించింది. ఒకే రాత్రి ఒకసారి ఈ పక్కన, కాసేపటికి ఆ పక్కన. రెండో మూడో ఉన్నాయేమోననుకున్నాడు. రెండు రాత్రులు కళ్ళార్పకుండా చూస్తే తేలింది, ఉన్నది ఒక్కటే. ఏడు గంటల ముప్పై తొమ్మిది నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేస్తోంది. అంగారకుడి రోజేమో ఇరవై నాలుగున్నర గంటలకు పైగా. నేల తిరిగే వేగం కంటే చందమామ వేగం ఎక్కువ. అక్కడ నిలబడితే ఏం జరుగుతుంది? చందమామ పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది! మనం అసాధ్యమైన దానికి చెప్పే సామెత అక్కడ రోజూ నిజం.

ఇంకో సంగతి. హాల్ గణనలన్నిటికీ ఏంజలీన్ సాయం చేసేది. మగవాడికి ఇచ్చే జీతమే నాకూ ఇవ్వండి అని ఒకసారి భర్తను అడిగింది. ఆయన ఇవ్వనన్నాడు. ఆమె పని మానేసింది. ఇలా నవ్వితే లాభం లేదు, మగవాళ్ళంతా ఇంటికెళ్ళి ఆలోచించండి.

నలభై మూడేళ్ళు ముందుకు జరుగుదాం. 1920, ఆగస్టు 18, బుధవారం. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్ పట్టణం, శాసనసభ. స్త్రీలకు ఓటు ఇచ్చే రాజ్యాంగ సవరణను అప్పటికి ముప్పై అయిదు రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. నలభై ఎనిమిదిలో ముప్పై ఆరు కావాలి. ఇంకొక్కటి. ఓటు ఇవ్వాలన్నవాళ్ళు కోటుకు పసుపు గులాబీ పెట్టుకున్నారు, వద్దన్నవాళ్ళు ఎర్ర గులాబీ. గ్యాలరీ నుంచి చూసినా పూలు లెక్కపెట్టి ఫలితం చెప్పవచ్చు. ఎర్రవే గెలిచేలా ఉన్నాయి. తీర్మానాన్ని పక్కన పెట్టేద్దామంటే ఓట్లు 48, 48. సమానం.

సభలో అందరికంటే చిన్నవాడు హారీ బర్న్, ఇరవై నాలుగేళ్ళు. కోటుకు ఎర్ర గులాబీ. జేబులో వాళ్ళమ్మ రాసిన ఏడు పుటల ఉత్తరం. ఆ తల్లి పేరు ఫెబ్ బర్న్, పల్లెటూళ్ళో ఉంటుంది, పత్రికలన్నీ చదువుతుంది. ఇంటి కబుర్ల మధ్యలో, నువ్వు ఎటు నిలబడతావోనని చూస్తున్నాను, ఇంకా తేల్చలేదేం, మంచి అబ్బాయిలా ఓటుకు అనుకూలంగా వెయ్యి అని రాసింది. అసలు ఓటింగులో అతని పేరు పిలిచారు. ఎర్ర గులాబీ పెట్టుకున్న కుర్రాడు అవును అన్నాడు. సభలో చాలామందికి విన్నది అర్థం కావడానికి క్షణం పట్టింది. 49, 47. మర్నాడు సంజాయిషీ అడిగితే, తల్లి మాట వినడమే కొడుక్కి క్షేమం అన్నాడు.

అంతటితో అందరికీ ఓటు వచ్చేసిందనుకోకండి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలను పన్నులతో, పరీక్షలతో ఇంకా నలభై అయిదేళ్ళు పోలింగు దగ్గరికి రానివ్వలేదు. మనవైపు చూస్తే, ఆ మరుసటి ఏడాదే, 1921లో, మద్రాసు శాసనమండలి స్త్రీల ఓటుకు తీర్మానం చేసింది. మన దేశంలో బ్రిటిషు పాలన కింద ఉన్న రాష్ట్రాల్లో అదే మొదటిది. గుంటూరు అప్పుడు ఆ రాష్ట్రంలోదే. ఆస్తి ఉన్నవాళ్ళకే లెండి. పోలాల అమావాస్య నాడు గ్రహణం చూసిన ఆడవాళ్ళలో ఎంతమందికి ఆస్తి ఉంటుంది?

ఏంజలీన్ స్టిక్నీ 1892లోనే పోయింది. తన భర్త చేత ఇంకో రాత్రి చూడు అని చూపించిన తేదీనే ఓటు వచ్చిందని ఆమెకు తెలియదు. ఫోబోస్ చాలా చిన్నది, పొడవు ఇరవై ఏడు కిలోమీటర్లు, ఇక్కడి నుంచి మంగళగిరి దాటి కాస్త పోయినంత. దాని మీద తొమ్మిది కిలోమీటర్ల వెడల్పున ఒక గొయ్యి ఉంది. అంత దెబ్బకు అది పగిలిపోకపోవడమే వింత. 1973లో ఆ గొయ్యికి స్టిక్నీ అని పేరు పెట్టారు, ఆమె పుట్టింటి పేరు. హాల్ పేరుతో కూడా ఒక గొయ్యి ఉంది. అది చిన్నది.

చినుకులు మొదలయ్యాయి. ప్రశ్నలుంటే లోపల వరండాలో మాట్లాడుకుందాం, కుర్చీలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి.